మోకాలి, భుజం గాయాలకు ఆపరేషన్‌తోనే వైద్యం పూర్తికాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

మోకాలు, భుజం కీళ్ల గాయాలకు చేసే కీహోల్ ఆపరేషన్ల గురించి మీ పత్రిక ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. చిన్న గాట్లతో ఆపరేషన్ అయిపోతుందని, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చని, కొద్ది వారాల్లోనే మళ్లీ మైదానంలోకి దిగవచ్చని అందులో రాశారు. మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది నిజం కాదు. గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ, ఆపరేషన్ బల్ల దిగిన తర్వాత ఈ రోగుల పరిస్థితి ఏమిటో రోజూ దగ్గరుండి చూస్తున్న నాకు, ఆ మూడో మాట వల్ల ఎందరు పిల్లలు నష్టపోతున్నారో తెలుసు కాబట్టి ఈ లేఖ రాయక తప్పలేదు.

మోకాలి గాయాలతో మా దగ్గరికి వచ్చే యువతలో ఎక్కువమంది ఏసీఎల్ అనే లిగమెంట్ తెగినవారే. తొడ ఎముకను, దాని కింది కాలి ఎముకను కీలు నడిమధ్యన ఏటవాలుగా కలిపి పట్టుకునే ఈ లిగమెంట్, కాలి ఎముక ముందుకు జారిపోకుండా, కీలు అతిగా మెలి తిరగకుండా ఆపుతుంది. ఎవరో బలంగా ఢీకొంటేనే ఇది తెగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడు గీత వైపు చటుక్కున మళ్లినప్పుడు, వాలీబాల్‌లో ఎగిరి స్మాష్ కొట్టిన అమ్మాయి ఒంటికాలి మీద దిగినప్పుడు, పాదం నేలను అంటిపెట్టుకునే ఉండి ఒళ్లు మాత్రం పక్కకు తిరిగిపోతుంది. లోపల టప్పుమన్న శబ్దం వినిపించిందని రోగులు చెబుతారు. ఒకే ఆట ఆడే మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లల్లో ఈ గాయం రెండు మూడు రెట్లు ఎక్కువ. గంటల వ్యవధిలోనే మోకాలు ఉబ్బిపోతే లోపల రక్తం చేరిందని అర్థం. అలాంటి మోకాలిని బెణుకు కింద కొట్టిపారేయడానికి వీల్లేదు.

కానీ మన ఊళ్లలో జరిగేది అదే. ఎక్స్‌రే తీయిస్తారు, ఎముక విరగలేదని తెలియగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. లిగమెంట్ ఎక్స్‌రేలో కనిపించదన్న సంగతి వారికి ఎవరూ చెప్పరు. ఆ తర్వాత పుత్తూరు కట్టు అని బోర్డు పెట్టుకున్న చోటికి తీసుకెళ్లి కట్టు కట్టిస్తారు. ఎముకలు సరిచేసే ఆ సంప్రదాయం మీద నాకు చిన్నచూపు లేదు. కానీ కీలు లోపల తెగిన లిగమెంట్‌ను పైనుంచి వేసే ఏ కట్టూ అతికించలేదు. మూడు నాలుగు వారాలకు వాపు తీసి, నడక మామూలుగా అనిపించేసరికి తగ్గిపోయిందనుకుని పండగ పోటీలకు బయలుదేరుతారు. పట్టు తప్పిన మోకాలు అక్కడ మళ్లీ మెలిపడుతుంది. ఈసారి లిగమెంట్‌తో పాటు, కీలులో రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరుగుతుంది. అప్పటికి గానీ ఎంఆర్‌ఐ మాట రాదు.

ఇంత ఆలస్యం అవసరం లేదు. రోగిని పడుకోబెట్టి, మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని రెండో చేత్తో కాలి ఎముకను ముందుకు లాగి చూసే లాక్‌మన్ పరీక్షకు పైసా ఖర్చు కాదు, నిమిషం కూడా పట్టదు. తెగని లిగమెంట్ ఉన్న మోకాలు ఒకచోట గట్టిగా ఆగుతుంది, తెగిన మోకాలు ఆగకుండా చేతిలోకి వచ్చేస్తుంది. గాయమైన రోజున నొప్పి వల్ల కండరాలు బిగుసుకుపోయి పరీక్ష తేలకపోతే, వారం పది రోజులు ఆగి మళ్లీ చేయాలి. రోడ్డు ప్రమాదాల విషయంలో మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. మోకాలు పూర్తిగా కీలు తప్పితే దాని వెనుక నుంచి పాదానికి రక్తం తీసుకెళ్లే ధమని దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ స్థితిలో పాదం చల్లబడినా, నాడి అందకపోయినా కొద్ది గంటల్లోనే రక్తనాళాల ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి చేర్చకపోతే కాలే పోతుంది.

లిగమెంట్ తెగిందని ఎంఆర్‌ఐలో తేలిన వెంటనే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవడం కూడా సరైన పద్ధతి కాదు. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీయువకులపై జరిపిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. సగం మందికి తొందరగా ఆపరేషన్ చేసి ఆపై ఫిజియోథెరపీ ఇచ్చారు. మిగతా సగానికి ముందు ఫిజియోథెరపీ ఇచ్చి, అవసరమని తేలినవారికి మాత్రమే తర్వాత ఆపరేషన్ చేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే రెండు జట్ల మోకాళ్ల పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో జట్టులో ఐదేళ్లు గడిచేసరికి దాదాపు సగం మందికి ఆపరేషన్ అవసరమైంది, దాదాపు సగం మందికి అవసరమే కాలేదు. దీన్నిబట్టి ఆపరేషన్ వద్దని నేను అనడం లేదు. కబడ్డీ, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ లాంటి మలుపుల ఆటలు ఆడితీరాల్సినవారికి, మెట్లు దిగుతున్నప్పుడో బండి మీంచి కాలు దించినప్పుడో మోకాలు వదిలేసినట్టు అవుతున్నవారికి ఆపరేషన్ చేయడమే మేలు. నిదానంగా నడిచే వృత్తి, వ్యవసాయంలో తేలికపాటి పని, కూర్చుని చేసే ఉద్యోగం ఉన్నవారిలో చాలామంది బలమైన తొడ కండరాలతోనే నెట్టుకురాగలరు. ఈ తేడా రోగికి విడమరచి చెప్పాల్సిన బాధ్యత వైద్యులది.

చేయాల్సి వచ్చినా వాపు ఉన్న మోకాలికి, పూర్తిగా చాపలేని మోకాలికి హడావుడిగా చేయకూడదు. అలా చేస్తే కీలు బిగుసుకుపోతుంది. ముందు కొన్ని వారాలు వ్యాయామం చేయించి, వాపు తగ్గించి, కాలు నిటారుగా చాపగలిగేలా చేసి అప్పుడు బల్ల మీదికి తీసుకెళ్లాలి. చిరిగిన మెనిస్కస్ ముక్క కీలులో అడ్డుపడి మోకాలు లాక్ అయిపోయినప్పుడు మాత్రం ఆగకూడదు.

ఆపరేషన్ విద్య ఎంత దూరం వచ్చిందో తలుచుకుంటే గౌరవం కలుగుతుంది. 1918లో టోక్యోలో కెంజి తకాగి మూత్రకోశాన్ని చూసే గొట్టంతో మోకాలి లోపలికి తొంగిచూశారు. ఆయన శిష్యుడు మసాకి వతనాబే 1962లో కీలు లోపలికి చూసే ఆర్థ్రోస్కోపు అనే సన్నని గొట్టంతో మెనిస్కస్ ముక్కను తొలగించారు. ఈ రోజు మన జిల్లా కేంద్రాల్లో కూడా ఆ పరికరం ఉంది. ఏసీఎల్ ఆపరేషన్‌లో సాధారణంగా తెగిన లిగమెంట్‌ను కుట్టరు. రోగి తొడ వెనుక కండరాల నుంచో, మోకాలి చిప్ప కింది నుంచో, చిప్ప పైనుంచో, కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి టెండన్ కొంత తీసి, రెండు ఎముకల్లో సొరంగాలు చేసి, అందులోంచి దాన్ని లాగి స్క్రూలతోనో చిన్న లోహపు బటన్‌తోనో బిగిస్తారు. మంచి సర్జన్ చేతిలో ఇది గంట రెండు గంటల పని.

అసలు కథ అక్కడి నుంచి మొదలవుతుంది. అలా అమర్చిన టెండన్‌కు కొంతకాలం సొంత రక్తప్రసరణ ఉండదు. శరీరం దాన్ని మెల్లగా తనలో కలుపుకుని, కొత్త రక్తనాళాలు అల్లి, లిగమెంట్‌గా మార్చుకోవడానికి ఏడాది, అంతకు మించి కూడా పడుతుంది. ఈ క్రమంలో అది మొదటి రోజున ఉన్నదానికంటే రెండో, మూడో నెలలో బలహీనంగా ఉంటుంది. రోగికి నొప్పి పూర్తిగా పోయి, కుట్లు మాని, నడక బాగుపడి, ఇక నాకేమీ లేదన్న ధైర్యం వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఆటగాళ్లకు, వారి తల్లిదండ్రులకు, కోచ్‌లకు నేను పదేపదే చెప్పే మాట ఇదే. నొప్పి లేకపోవడం లిగమెంట్ గట్టిపడిందనడానికి గుర్తు కాదు. నార్వేలో 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం, ఆటకు తిరిగి వెళ్లడాన్ని తొమ్మిది నెలల వరకు వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే అవకాశం సుమారు సగం చొప్పున తగ్గింది. నెలలు గడిస్తే సరిపోదు. గాయపడిన కాలి తొడ బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి, ఒంటికాలి గెంతులో కూడా అంత దూరం రావాలి.

మొన్నామధ్య మా దగ్గరికి ఒక డిగ్రీ విద్యార్థిని వచ్చింది. కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడిన పిల్ల. ఆపరేషన్ అయి మూడు నెలలు దాటింది. బల్ల మీద పడుకోబెట్టి కాలు చాపమంటే మోకాలి కింద నా అరచెయ్యి సులువుగా దూరేంత ఎడం ఉంది. టేపుతో కొలిస్తే రెండో తొడ కంటే ఆ తొడ బాగా సన్నబడిపోయింది. తొడ కండరాన్ని బిగించమ్మా అంటే, కాలిని ఆజ్ఞాపించడమే మరిచిపోయినట్టు దానివంకే చూస్తూ ఉండిపోయింది. గాట్లు మాత్రం చక్కగా మానాయి, ఆపరేషన్‌లో ఏ లోపమూ లేదు. ఆమె డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు, కుట్లు విప్పే తేదీ ఉన్నాయి. చిట్టచివర ఫిజియోథెరపీ అని ఒక్క ముక్క ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం చేయాలి, ఎన్నాళ్లు చేయాలి అన్నది ఎవరూ రాయలేదు, చెప్పలేదు. కాలు కదిపితే లోపల వేసింది ఊడిపోతుందేమోనన్న భయంతో వాళ్లమ్మ ఆ పిల్లను మోకాలి కింద దిండు పెట్టి మంచం దిగనివ్వలేదు. ప్రేమతో పెట్టిన ఆ దిండే మోకాలిని వంకరగా బిగించేసింది. మొదటి రోజుల్లో పెట్టాల్సింది మడమ కింద చుట్టిన తువ్వాలు. మోకాలు గాలిలో ఉండి తనంతట తానే కిందికి చాపుకోవాలి. తొలి రెండు వారాల్లో రోజుకు నాలుగైదు సార్లు ఈ ఒక్కటి చేసి, తొడ కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం చేసి ఉంటే ఆమెకు ఈ గతి పట్టేది కాదు. ఆపరేషన్ కోసం అప్పు తెచ్చిన ఆ కుటుంబం ఇప్పుడు బిగుసుకున్న కీలును విడిపించుకోవడానికి మళ్లీ ఆస్పత్రుల చుట్టూ తిరుగుతోంది.

పెద్ద ఆటగాళ్ల కథలను మన పత్రికలు రాసే తీరు కూడా ఈ భ్రమకు కొంత కారణం. మన పుల్లెల గోపీచంద్ గారికి 1994లో మోకాలి లిగమెంట్ తెగింది. ఒకటికి మించి ఆపరేషన్లు దాటుకుని ఆయన ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచింది 2001లో. క్రికెటర్ రిషభ్ పంత్ 2022 డిసెంబరు 30న కారు ప్రమాదానికి గురై, మోకాలి లిగమెంట్లకు ఆపరేషన్ చేయించుకుని, మళ్లీ మ్యాచ్ ఆడింది 2024 మార్చిలో. పక్కనే నిపుణుల బృందం ఉన్న ఆటగాడికే దాదాపు పదిహేను నెలలు పట్టింది. వీరి విజయాల గురించి రాసేటప్పుడు ఆ మధ్యకాలం గురించి కూడా రాస్తే, జిల్లా పరిషత్ పాఠశాల మైదానాల్లో ఆడే పిల్లలకు మేలు జరుగుతుంది.

ఇక నలభై, యాభై దాటినవారి మోకాలి నొప్పి వేరు. వారి ఎంఆర్‌ఐలో మెనిస్కస్ చిరుగు కనిపించడం సర్వసాధారణం, నొప్పి లేనివారిలో కూడా కనిపిస్తుంది. ఫిన్లండ్ వైద్యులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఆర్థరైటిస్ లేకుండా అరుగుదలతో మెనిస్కస్ చిరిగిన 146 మందిలో కొందరికి నిజంగా ముక్క తొలగించి, కొందరికి గాటు మాత్రమే పెట్టి తొలగించినట్టు నటించారు. ఏడాది తర్వాత రెండు వర్గాలకూ ఒకేలా తగ్గింది. గుజ్జు అరిగిన మోకాలిని కీహోల్‌తో శుభ్రం చేస్తామని చెప్పి చేసే ఆపరేషన్ వల్ల ప్రయోజనం లేదని అమెరికాలో 2002లోనే తేలింది. యువకుల్లో దెబ్బతో చిరిగిన మెనిస్కస్ విషయం పూర్తిగా భిన్నం. రక్తప్రసరణ ఉన్న బయటి అంచున చిరిగితే దాన్ని కుట్టి కాపాడటానికే ప్రయత్నించాలి. కోసి పారేస్తే చిన్న వయసులోనే అరుగుదల మొదలయ్యే ప్రమాదం పెరుగుతుంది.

భుజం విషయంలో మన అలవాట్లు ఇంకా ప్రమాదకరమైనవి. చెయ్యి పైకెత్తి పక్కకు చాచినప్పుడు పడితే గూడ జారుతుంది, నూటికి తొంభై అయిదు సార్లు ముందుకే జారుతుంది. మైదానంలో అలా జరిగితే చుట్టూ చేరినవారిలో ఎవరో ఒకరు చంకలో కాలు పెట్టి లాగడానికి సిద్ధమవుతారు. దయచేసి లాగకండి, లాగనివ్వకండి. దాంతో పాటు ఎముక విరిగి ఉండవచ్చు, భుజం కండరానికి వెళ్లే నరం నలిగి ఉండవచ్చు. చెయ్యిని ఒంటికి ఆనించి, తువ్వాలుతోనో చున్నీతోనో మెడకు వేలాడగట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ఎక్స్‌రే తీసి, నొప్పి తెలియకుండా మందు ఇచ్చి జారిన కీలును తిరిగి దాని చోట కూర్చోబెడతారు.

మొదటిసారి జారినప్పుడే గూడ అంచున ఉండే మెత్తటి పొర చాలామందిలో ఊడిపోతుంది. దాన్ని బాంకార్ట్ గాయం అంటారు. ఇరవై ఏళ్ల లోపు వయసులో మొదటిసారి జారినవారిలో సగానికి పైగా మందికి మళ్లీ జారుతుంది, కొందరికి నిద్రలో చెయ్యి పైకి పెట్టుకున్నా జారే స్థితి వస్తుంది. జారిన ప్రతిసారీ ఎముక అంచు కొంత అరుగుతుంది. తొందరగా వస్తే ఆర్థ్రోస్కోపుతో ఆ పొరను, ఎముకలో దిగే చిన్న మేకుల్లాంటి యాంకర్లతో తిరిగి కుట్టడం సరిపోతుంది. ఎముక ఎక్కువగా అరిగాక వస్తే పక్కనున్న ఎముక కొమ్మును కోసి గూడ అంచున స్క్రూలతో బిగించే లాటర్జే అనే పెద్ద ఆపరేషన్ తప్పదు. అందుకే, నేనే సర్దేసుకుంటాను సార్ అని గర్వంగా చెప్పే కుర్రాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

నలభై దాటినవారు పడి, ఆ తర్వాత చెయ్యి పైకెత్తలేకపోతే రొటేటర్ కఫ్ తెగిందేమో వెంటనే చూడాలి. భుజాన్ని గూడలో నిలిపి ఉంచే నాలుగు కండరాల టెండన్ల కూర్పు అది. తెగిన టెండన్ నెలల తరబడి వదిలేస్తే వెనక్కి కుంచించుకుపోతుంది, కండరంలో కొవ్వు చేరుతుంది, ఆ తర్వాత కుట్టినా అతకడం కష్టం. దీనికి భిన్నంగా, దెబ్బేమీ తగలకుండా నెమ్మదిగా బిగుసుకుపోయే భుజంతో వచ్చేవారిలో చాలామందిది ఫ్రోజెన్ షోల్డర్. మధుమేహం ఉన్నవారిలో ఇది చాలా ఎక్కువ. షుగరు అదుపు, వ్యాయామం, కొందరికి కీలులో ఇంజెక్షన్, అన్నిటికీ మించి ఓపికతో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. భుజం పైన ఎముక అంచును చెక్కి స్థలం చేసే ఆపరేషన్ ఒకప్పుడు విరివిగా చేసేవారు. 2018లో బ్రిటన్‌లోనూ ఫిన్లండ్‌లోనూ వెలువడిన అధ్యయనాలు, నటన ఆపరేషన్ కంటే దానివల్ల రోగికి చెప్పుకోదగ్గ అదనపు మేలు లేదని తేల్చాయి.

ప్రభుత్వాలకు నా విన్నపం ఒకటుంది. ఆరోగ్యశ్రీ కావచ్చు, ఎన్టీఆర్ వైద్య సేవ కావచ్చు, ఆయుష్మాన్ భారత్ కావచ్చు, ప్రైవేటు బీమా కావచ్చు, లిగమెంట్ ఆపరేషన్‌కు డబ్బు చెల్లించే ప్రతి పథకమూ ఆ తర్వాతి ఆరు నెలల ఫిజియోథెరపీని కూడా ఆ చికిత్సలో భాగంగానే లెక్కగట్టి చెల్లించాలి. కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వారానికి మూడు సార్లు పట్టణానికి రమ్మంటే పేదవాడు ఎన్నాళ్లు రాగలడు? ఏరియా ఆస్పత్రుల స్థాయిలోనే ఫిజియోథెరపిస్టు ఉంటే ఆ భారం తగ్గుతుంది. ఫిజియోథెరపీ సహా అనుబంధ వైద్య వృత్తుల నియంత్రణకు 2021లో కేంద్రం ప్రత్యేక చట్టం చేసింది. ఆ చట్టం ఫలితం మండలాల దాకా రావాలంటే పోస్టులు మంజూరు కావాలి. మోకాలి మార్పిడి ఇంప్లాంట్లకు 2017 ఆగస్టులో గరిష్ఠ ధరలు నిర్ణయించి కేంద్రం ఎందరికో మేలు చేసింది. లిగమెంట్, భుజం ఆపరేషన్లలో వాడే స్క్రూలు, బటన్లు, యాంకర్ల ధరలపై కూడా అలాంటి శ్రద్ధే అవసరం. రోగికి ఇచ్చే బిల్లులో వాటి పేరు, సంఖ్య, ధర విడివిడిగా ఉండాలి.

విద్యాశాఖకు కూడా ఒక మాట. ఫుట్‌బాల్ కోసం ఫిఫా 2006లో రూపొందించిన 11 ప్లస్ అనే వార్మప్‌కు ఇరవై నిమిషాలు చాలు. పరికరాలేవీ అక్కర్లేదు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా, కాస్త వంచి మెత్తగా దిగడం అది నేర్పుతుంది. క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గినట్టు పరిశోధనలు చూపించాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడించే మన వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక రోజు శిక్షణ ఇస్తే ప్రతి ఉన్నత పాఠశాలలోనూ రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

చివరగా మీ పత్రికకు నా అభ్యర్థన. ఆ వ్యాసానికి కొనసాగింపుగా, ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత ఏ వారంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలో తెలుగులో, బొమ్మలతో ఒక పూర్తి పేజీ ప్రచురించండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరంతో పాటు మోకాలు వేడెక్కి ఎర్రబడినా ఆ రోజే వెళ్లాలన్న హెచ్చరిక అందులో తప్పనిసరిగా ఉండాలి. ఆ పేజీకి కావలసిన సమాచారం, వ్యాయామాల బొమ్మలు సిద్ధం చేసి ఇవ్వడానికి నేనూ, నాతో పనిచేసే మిత్రులూ సిద్ధంగా ఉన్నాం. దానిని కత్తిరించి డిశ్చార్జి కాగితంతో పాటు రోగి చేతికి ఇవ్వడానికి ఆస్పత్రులకు అనుమతి ఇస్తున్నట్టు ఆ పేజీ అడుగున ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
భీమవరం